నలభై గడపల బూడిద

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా పాచిపెంటలో పిల్లాజెల్లా అందరికీ తెలుసు. ముప్పయ్యేళ్ళు చక్కెర మిల్లులో బాయిలరు దగ్గర పనిచేసినవాడికి కోపం కాక శాంతం ఎక్కడినుంచి వస్తుంది? ఆవిరి మనకోసం ఆగదు, మనం ఎవరికోసమూ ఆగకూడదు. నా బతుకంతా అంతే. రిటైరయ్యాక, మా ఆవిడ కూడా పోయాక, ఇంట్లో గోడలతో పోట్లాడలేక గూడెం కొత్తవీధి పైనున్న గుమ్మడిగెడ్డ అనే కొండ ఊళ్ళో గ్యాసు ట్యాంకుల ఆపరేటరుగా చేరాను. చేరి పదకొండు నెలలైనా ట్యాంకుల షెడ్డు, నా గది తప్ప ఆ ఊళ్ళో ఒక్క ఇంటి గడప తొక్కలేదు. నాకేం పని అనుకునేవాణ్ణి.

ఆ ట్యాంకుల్ని కొండమీదకి మోయించుకొచ్చింది భానుశ్రీ. విజయనగరం పిల్ల. ఇరవై తొమ్మిదేళ్ళు. విశాఖపట్నంలో పరిశోధన చేసి, అక్కడ గాజు సీసాల్లో నడిచినదాన్ని ఇక్కడ నడిపిస్తానని పంతం పట్టింది. మొదటిరోజే నన్ను బాబాయ్ అంది. నేను కసురుకున్నా బాబాయే, విసుక్కున్నా బాబాయే. నాలుగో రోజుకి కసురుకోవడానికి నాకే సిగ్గేసింది. ఆ పిల్లంటే నాకు ప్రాణం. ఈ మాట ఆమెతో ఎప్పుడూ అనలేదు గానీ, ఇక్కడ చెప్పడానికేం.

ట్యాంకులు రెండు. ఊరివాళ్ళు పెద్దదాన్ని అక్క అనీ, చిన్నదాన్ని చెల్లి అనీ పిలుస్తారు. కాఫీ పళ్ళనుంచి గింజ తీశాక మిగిలే తొక్కని ఇదివరకు గెడ్డ ఒడ్డున పారబోసేవారు. అది కుళ్ళి, నీళ్ళు కంపుకొట్టి, చేపలు వెల్లకిలా తేలేవి. ఇప్పుడు ఆ తొక్కని అక్కకి పెట్టాలి. అక్క కడుపులో కంటికి కనపడని పురుగులుంటాయి. అవి తొక్కని తిని గ్యాసు వదులుతాయి. ఆ గ్యాసులో కొంత మండుతుంది. మిగతాది బొగ్గుపులుసు గాలి, అంటే సోడాలో బుడగలు కట్టేదే. అది మండదు సరికదా, ఎక్కువైతే మంటని ఆర్పేస్తుంది. భాను గొప్పతనమంతా చెల్లిలో ఉంది. సోలార్ పలకల కరెంటుతో నీళ్ళని విడగొట్టి హైడ్రోజన్ తీసి, దాన్నీ, అక్క వదిలిన బొగ్గుపులుసు గాలినీ కలిపి చెల్లికి పెడుతుంది. చెల్లిలో ఉండే పురుగులు వేరే రకం. అవి ఆ రెండింటినీ తిని మళ్ళీ మండే గ్యాసే ఇస్తాయి. అక్క విడిచిన ఊపిరి చెల్లికి అన్నం అన్నమాట.

ఎనిమిది నెలలు పేడ, కలుపు, పనసతొక్కలు పెట్టి అక్కని పెంచాం. అసలు పరీక్ష కాఫీ తొక్కతో. డిసెంబరు పన్నెండో తారీకు శుక్రవారం విశాఖనుంచి అధికారులు వస్తారు. కాఫీ తొక్క తిన్న ట్యాంకులతో అంగన్‌వాడీ పొయ్యి వెలగడం వాళ్ళు కళ్ళారా చూడాలి. వెలిగితే ట్యాంకులు గుమ్మడిగెడ్డలో ఉంటాయి. లేకపోతే లారీ ఎక్కించి కిందకి దించేస్తారు. భాను మూడేళ్ళ కష్టం తుక్కు కింద పోతుంది.

నవంబరు ఆఖరుకి కాఫీ పళ్ళు ఎర్రబడ్డాయి. పండు నలిపి గింజ తీసే పల్పరు మిషన్లు తిరిగాయి. తొక్క గుట్టలు పడింది. నేను గంప పట్టుకుని వెళ్తే ఊరి పూజారి భీమన్న అడ్డంగా నిలబడ్డాడు.

"ఇప్పుడు కాదు బాబూ. కొత్త అవ్వలేదు."

కొత్త అంటే ఏమిటో నాకు తెలుసు. కొండమీద కొత్తగా పండినదాన్ని ముందు దేవతకి పెట్టి, తర్వాత ఊరంతా ఒకచోట కూర్చుని తినే పండుగ. అది అయ్యేదాకా ఆ పంటని ఎవరూ నోట పెట్టరు. కందికీ చిక్కుడుకీ ఉందంటే సరే, కాఫీకి కూడా ఏమిటి?

"మా తాతల్నాటినుంచి ఉంది," అన్నాడు భీమన్న. "అమ్ముకోడానికి అడ్డు నేదు. తినడానికే."

"నేను తింటానన్నానా? ట్యాంకులో పోస్తాను."

"ట్యాంకు తింతాది కదేటి?"

ఆయన నవ్వలేదు, వేళాకోళం ఆడలేదు.

"నువ్వే కదా సెప్పినావు," అన్నాడు. "అక్కకి ఆకలేస్తన్నాదన్నావు. తిన్నాదన్నావు. అరిగినాదన్నావు. తినేదైతే మా ఊరి మనిసే. ఊరి మనిసికి ఊరి కట్టుబాటే. కొత్త పన్నెండో తారీకున పెట్టుకున్నాం."

పన్నెండు! అధికారులొచ్చే రోజే! నా ఒళ్ళు మండిపోయింది. ఇనుప డబ్బాకి ఆచారమేమిటని అరిచాను. నా అరుపుకి కోళ్ళు చెదిరాయి గానీ భీమన్న కదల్లేదు. భాను వచ్చి నన్ను పక్కకి లాగింది. ఆ పిల్ల ఓపిక చూస్తే నాకు ఇంకా కోపం వస్తుంది.

"పోయినేడాది తొక్క ఎండబెట్టింది ఉందా, పెద్దయ్యా?" అని అడిగింది.

"ఉంది. పాత పంటకి అడ్డేటి?" అన్నాడు భీమన్న.

అంతే. పాత తొక్కని నానబెట్టి రోజుకి రెండు దోసిళ్ళ చొప్పున పెట్టడం మొదలుపెట్టింది. "మంచిదే బాబాయ్. ఒకేసారి పెడితే పురుగులు తట్టుకోలేవు. రుచి అలవాటవుతుంది. పన్నెండున కొత్త తొక్క కొంచెం పెడదాం," అంది.

రెండు దోసిళ్ళు! పెద్దగదంత ట్యాంకుకి రెండు దోసిళ్ళు! ఏనుగు నోట్లో పేలగింజ వేసినట్టు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నట్టు నేను నా బాయిలరు బుద్ధి వదల్లేదు. మంట పెరగాలంటే మేత పెరగాలి, ఇంకేముంది?

డిసెంబరు ఒకటిన భాను మీటింగుకని విశాఖపట్నం వెళ్ళింది. మర్నాడు తెల్లవారుతూనే, మంచులో ఎదుటి మనిషి కనపడని వేళ, పల్పరు దగ్గరున్న తాజా తొక్క ఎనిమిది గంపలు మోసుకొచ్చి అక్క నోట్లో కుమ్మరించాను. రొప్పుతూ ట్యాంకు మీద చెయ్యి వేసి, "తినవే తల్లీ, కడుపునిండా తిను," అన్నాను. ఆ పిల్ల తిరిగొచ్చేసరికి మంట ఎగిసిపడుతూ ఉంటే, "ఎలా బాబాయ్?" అని అడిగితే ఎంత బాగుంటుందో ఊహించుకుని ఒక్కణ్ణే నవ్వుకున్నాను కూడా.

ట్యాంకులకి మేత పెట్టేది చిట్టెమ్మ. నాకన్నా ఐదారేళ్ళు పెద్దది. రోజూ ఏడింటికి వచ్చి, చూడి ఆవుని తడిమినట్టు ముందు అక్క కడుపు తడిమి, చెవి ఆనించి వింటుంది. నేనది చూసి చాలాసార్లు ఎగతాళి చేశాను. ఆ రోజు చెవి తీసి నావైపు చూసింది.

"ఏటి పెట్టినావు దీనికి?"

"ఏమీ పెట్టలేదు."

మర్నాటికి పుల్లటి వాసన మొదలైంది. ఆ మర్నాడు అంగన్‌వాడీలో వంటచేసే కృపావతి వచ్చి, పొయ్యి టపటపమని ఆరిపోయిందని చెప్పింది. అగ్గిపుల్ల మీద పుల్ల గీశాను. మంట అంటుకోవడం, పోవడం. అక్క ఊపిరంతా బొగ్గుపులుసు గాలే.

సాయంత్రం బస్సుకి భాను దిగింది. సంచి కూడా కింద పెట్టకుండా ట్యాంకు నీళ్ళలో పులుపు చూసే కాగితం ముంచింది. రంగు చూసింది. నోట్‌బుక్ తీసి ముందుకీ వెనక్కీ తిప్పింది. చివరికి షెడ్డు మెట్టు మీద కూలబడిపోయింది.

"పులిసిపోయింది బాబాయ్. నేనే ఎక్కడో తప్పాను. పాత తొక్క పాళ్ళు తప్పు వేసుంటాను. నన్ను నమ్మి ఇంతమంది..." అని మోచేత్తో కళ్ళు తుడుచుకుంది.

నేను చెప్పకపోతే ఆ పిల్లకి ఎప్పటికీ తెలిసేది కాదు. నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం నోరు మూసుకుందామనే అనిపించింది. కానీ చెయ్యని తప్పుని తన పేరున రాసుకుంటున్న పిల్లని చూస్తూ ఎలా ఊరుకోను?

"తప్పింది నువ్వు కాదమ్మా," అన్నాను. "నేను. తాజా తొక్క ఎనిమిది గంపలు పోశాను."

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె నోట్‌బుక్ మూసి, "ఊళ్ళోవాళ్ళకి చెప్పాలి బాబాయ్," అంది. అంతే అంది.

చెప్పాను. అప్పటికప్పుడే భీమన్న ఇంటి ముందు ఊరంతా చేరితే, తల వంచుకుని మొత్తం చెప్పాను. అక్క కొత్త కాకుండానే తిందనీ, తినిపించింది నేననీ. ఎవరూ అరవలేదు. ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. చిట్టెమ్మ లేచింది.

"అందుకే కడుపునొప్పి," అంది. "తినడం ఒకెత్తు బాబూ. సాటుగా పెట్టినావు సూడు, అది తప్పు. ఇంటోళ్ళు పక్కన నేకుండా ఒక్కర్తీ తింటే కొత్త కడుపుకి పడతాదేటి?"

భాను మధ్యలోకి వచ్చింది. ఇంక తిండి పూర్తిగా ఆపాలనీ, పులుపు విరగడానికి సున్నంలాంటిదేదో కావాలనీ, కొత్త పురుగుల కోసం పేడ కావాలనీ చెప్పింది. సున్నం ఒక పిసరు ఎక్కువైనా పురుగులు చస్తాయని భయపడింది.

"పొయ్యి బూడిద నేదేటి?" అంది చిట్టెమ్మ. "బూడిదనీళ్ళు పులుపుని ఇరిసేత్తాయి."

భాను మొహం వెలిగింది. చిట్టెమ్మ పొయ్యి బూడిద తెప్పించి, నీళ్ళలో కలిపి తేర్చి, ట్యాంకు నీళ్ళు బకెట్టుడు తీసి అందులో పోసి చూసింది. కాగితం రంగు నెమ్మదిగా మారింది. కానీ ట్యాంకు మొత్తానికి చాలా బూడిద కావాలి. అదీ ఒకేసారి కాదు, రోజూ కొంచెం కొంచెం.

అప్పుడు భీమన్న నాకు తప్పు వేశాడు. తప్పు అంటే కట్టుబాటు దాటినవాడికి ఊరు వేసే శిక్ష. కోడో, కల్లుకుండో అడుగుతాడనుకున్నాను.

"కొత్త రోజుదాకా రోజూ పొద్దున్న నలభై గడపలూ నువ్వే తిరగాలి. నీ సేత్తోనే బూడిద అడగాలి. ఇంకెవరూ తేకూడదు," అన్నాడు.

బాయిలరు ఆపరేటరు వరహాలరావు గంప పట్టుకుని ఇంటింటా బూడిద అడుక్కోవడం! మా పాచిపెంటలో తెలిస్తే తల ఎత్తుకోగలనా? అయినా మర్నాడు వెళ్ళాను. మొదటి గడప దగ్గర ఊరికే గొంతు సవరించుకున్నాను. లోపల్నుంచి ఎవరో ముసలాయన, "ఏటి బాబూ, దగ్గొచ్చిందా?" అన్నాడు. "బూడిద," అన్నాను. "కేకేసి అడుగు, నీకు కేకలు అలవాటే కదా," అన్నాడు. వీధి వీధంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

రెండోరోజుకి నా పేరు బూడిద మావ అయిపోయింది. గడపకో మాట. ఒకరు బూడిదతోపాటు రెండు పసుపు కొమ్ములు పెట్టారు. ఒకరు రాగిజావ తాగితేనే బూడిద పెడతామన్నారు. మోకాలి నొప్పికి ఏదో వేరు నూరి కట్టారు. నా భార్య పేరేమిటని ఒకావిడ అడిగితే, మూడేళ్ళ తర్వాత ఆ పేరు నోటితో పలికాను. రమణమ్మ అని చెప్పి, గంపతో అక్కడే కాసేపు కూర్చుండిపోయాను. ఆమె పక్కన కూర్చుని చిక్కుళ్ళు వలిచింది.

కృపావతి వాళ్ళు చర్చికి వెళ్తారు. ఆ వీధిలో ఆరిళ్ళవాళ్ళు కొత్త చెయ్యరు. వాళ్ళ బూడిద లెక్కలోకి వస్తుందా అని నేనే నసిగాను.

"అక్క వెలిగించిన అంగన్‌వాడీ పొయ్యి మీద మా పిల్లలూ తిన్నారు కదా బాబూ," అంది కృపావతి గంపలో బూడిద పోస్తూ. "మీరు కొత్త సేసుకోండి, మేం ప్రార్థన సేత్తాం. ఎవరి మాట ఇంటాదో దానిష్టం."

ఆ బూడిదని నేనే జల్లెడ పట్టి, తేర్చి, భాను చెప్పినంతే పోశాను. ఒక చెంబు ఎక్కువ పోస్తే పోయేదేమిటని చెయ్యి దురద పెట్టింది. పొయ్యలేదు. పేడనీళ్ళు చిట్టెమ్మ తన ఆవుల దగ్గర్నుంచి తెచ్చి కలిపింది. రోజూ మధ్యాహ్నం భాను కాగితం ముంచి, నోట్‌బుక్‌లో రాసి, "పత్యం పనిచేస్తోంది బాబాయ్, కానీ నెమ్మది," అనేది. పదో తారీకుకి కూడా అక్క గ్యాసు ఒంటరిగా వెలగలేదు. నేను అన్నం మానేశాను.

పదకొండున మధ్యాహ్నం భాను షెడ్డులోంచి పరుగున వచ్చింది.

"బాబాయ్, చెల్లిని చూడు!"

చూశాను. చెల్లి మీటరు ముల్లు దర్జాగా పైకి ఉంది. మేమిద్దరం అక్క జబ్బు చూసుకుంటూ చెల్లి సంగతే మరిచాం. అక్క వదిలేది ఎక్కువగా బొగ్గుపులుసు గాలే కదా. మనకి పనికిరానిదే చెల్లికి తిండి. పగలు ఎండ బాగా ఉండి హైడ్రోజన్ అందుతోంది. ఈ వారమంతా చెల్లి అక్క రోగపు ఊపిరిని తిని మంచి గ్యాసు చేస్తూనే ఉంది. భాను నా చెయ్యి పట్టుకుని ఊపేసింది. "చేసింది దాచడానికి మనకి చోటు లేదు గానీ, రేపు ఎండ వస్తే చాలు. ఎండొచ్చి రెండు గంటలు నడిస్తే, పొయ్యి వెలిగేంత ఇస్తుంది," అంది.

పన్నెండో తారీకు తెల్లారింది. మంచు! చెట్లు లేవు, కొండలు లేవు, పక్కనున్న అక్క లేదు. అధికారుల జీపు ఎనిమిదింటికే లైట్లు వేసుకుని వచ్చేసింది. పెద్దాయన దిగుతూనే గడియారం చూశాడు.

"బేగి వెలిగించండయ్యా. మేం మధ్యాహ్నానికి చింతపల్లి వెళ్ళాలి."

నాలాంటివాడే! ఆ గొంతు, ఆ తొందర, అన్నీ నావే. ఎదురుగా నన్ను నేను చూసుకున్నట్టయింది. భాను నోరు తెరిచేలోపు నేను ముందుకెళ్ళాను.

"ఆగాలి సార్," అన్నాను. "ఈరోజు ఊళ్ళో కొత్త. అది అయ్యేవరకు ట్యాంకు తినకూడదు."

"ట్యాంకు తినడమేమిటి?"

"తింతాది సార్. తొందరపెడితే కడుపు చెడతాది. నేను చెడగొట్టినోణ్ణి, నాకు తెలుసు. కూకోండి, కాఫీ తాగండి."

నా వెనక చిట్టెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దాయన భాను వైపు చూశాడు. ఆమె నిజమేనన్నట్టు తలూపింది. ఏమనుకున్నాడో, కూర్చున్నాడు.

భీమన్న తొందరపడలేదు. డప్పులు, పూజ, దేవతకి కొత్త కందులు, కొత్త చిక్కుళ్ళు. తొమ్మిదయ్యేసరికి మంచు పలచబడింది. తొమ్మిదిన్నరకి ఎండ సోలార్ పలకల మీద పడింది. చెల్లిలో బుడగల చప్పుడు మొదలైంది. ఆ చప్పుడు ఇంత బాగుంటుందని నాకు అంతకుముందు తెలీదు.

పూజయ్యాక గడపకో దోసెడు తాజా కాఫీ తొక్క తెచ్చి అక్క నోట్లో వేశారు. ఆరిళ్ళవాళ్ళు కూడా తెచ్చారు. నోట్లో పడకముందే అంతా భాను తూచింది. పులుపు విరిగింది, ఈ మాత్రం తట్టుకుంటుందంది. నోట్‌బుక్ నాకు చూపించింది. ఆ రోజుకి పెట్టాలని రెండు వారాల కిందట తను రాసుకున్న తూకం, ఈ నలభై దోసిళ్ళ తూకం దాదాపు ఒకటే. ఎనిమిది గంపల పెద్దమనిషిని నేను నేల చూపులు చూశాను.

పన్నెండు కావస్తుండగా అంగన్‌వాడీ పొయ్యి మీద కొత్త కందిపప్పు కుండ పెట్టారు. అధికారి అగ్గిపెట్టె కోసం చెయ్యి చాచాడు. చిట్టెమ్మ ఇవ్వలేదు. తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఆర్పినోడే ఎలిగించాలి."

మొదటి పుల్ల విరిగింది. రెండోది గీశాను. గుప్పుమని నీలంగా అంటుకుంది. టపటపలాడలేదు, ఆరలేదు. కుండ అడుగంతా పరుచుకుని నిలకడగా మండింది. భాను ఏడుస్తూ నవ్వుతోంది. అధికారి వంగి మంటనీ, మీటర్లనీ, నోట్‌బుక్కునీ చూసి, అక్క జబ్బు సంగతి కూడా భాను నోటనే విని, ట్యాంకులు ఇక్కడే ఉంటాయని అక్కడికక్కడే కాగితం మీద సంతకం పెట్టాడు. ఆ చప్పట్లకి మళ్ళీ కోళ్ళు చెదిరాయి.

తర్వాత భోజనాలు. షెడ్డు ముందు అడ్డాకు విస్తళ్ళు వరసగా పరిచారు. అక్క ముందొకటి, చెల్లి ముందొకటి. అధికారుల్ని కూడా కూర్చోబెట్టారు. నేను పానా పట్టుకుని వాల్వు దగ్గర నిలబడ్డాను. ఎవరో ఒకరు మంట చూసుకోవాలి కదా. ఇన్నేళ్ళూ నా భోజనం అలాగే అయింది, అందరూ తిన్నాక, నిలబడి.

వడ్డించారు. కాసేపటికి ఏదో తేడాగా అనిపించి తలెత్తాను. ఎవరూ తినడం లేదు. పప్పు పొగలు కక్కుతోంది, అందరి చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి. అధికారి కూడా బిత్తరపోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చిట్టెమ్మకీ భానుకీ మధ్య ఒక విస్తరి ఖాళీగా ఉంది.

"ఏటలా నిలబడ్డావు తమ్ముడా?" అంది చిట్టెమ్మ. పదకొండు నెలల్లో బాబూ అనడం తప్ప అలా పిలవలేదు. "ఇంటోడు నేకుండా తింటే ఎవరికీ కడుపుకి పట్టదు. నీకోసమే ఆగినాం. బేగి రా."

పానా కింద పెట్టాను. వెళ్ళి నా విస్తరి ముందు కూర్చున్నాను. అప్పుడు అందరూ తిన్నారు.